సుగ్గికి పోయిన ట్యాబు

మా పల్లెలో మేకను కొన్నా, మట్టికుండను కొన్నా ముందు నాకు చూపిస్తారు. కోసిగి సంతలో నచ్చిన వస్తువును పక్కన పెట్టించి, "గిడ్డమ్మవ్వ వచ్చి చూసినాక తీసుకుంటాం" అని అంగడివాళ్లతో చెప్పి వచ్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు చదువు రాదు. ఈ చూడడమనే పని నేర్పింది మాత్రం నా పెనిమిటి కంబన్న. ఆయన మేకల బేరగాడు. సంతలో టువ్వాల కింద చెయ్యి పెట్టి, అవతలివాడి వేళ్లు పట్టుకుని, నోరు మెదపకుండా ధర మాట్లాడేవాడు. ఆయన పోయాక ఆ టువ్వాల కింద చెయ్యి పెట్టిన ఆడమనిషిని మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే. మొదటిసారి నా ఎదురుగా కూర్చున్న బేరగాడు సిగ్గుపడి వేళ్లు ముడుచుకున్నాడు. "ఏమప్పా, మేక నాది, సిగ్గు నీకేంటికి?" అని అడిగితే సంతంతా నవ్వింది. ఆ తర్వాత నా వేళ్లు చెప్పిన మాట వినని బేరగాడు లేడు.

కంబన్నకు ఒక అలవాటుండేది. "ఈ మేక ఎట్లుందో చూసి చెప్పన్నా" అని ఎవరైనా అడిగితే, మేకను చూడకముందే అడిగినవాడి ఇంటికి పోయేవాడు. కొట్టం చూసేవాడు. మేపేది ఎవరు, మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది, నీళ్లు ఎంత దూరం, అన్నీ చూసి వచ్చాకే మేక నోరు తెరిచి పండ్లు చూసేవాడు. "కొనేది మేకనా, మా ఇల్లునా?" అని జనం ఎగతాళి చేసేవాళ్లు. ఆయన బీడీ ముట్టించుకుని ఊరుకునేవాడు.

ఇక ట్యాబు సంగతి.

నా కొడుకు వీరభద్రకు ఒక్కతే బిడ్డ, శివజ్యోతి. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. ఆదోని కాలేజీలో చేరి ఇంటర్ మొదటి ఏడు చదువుతోంది. నర్సు కావాలని దాని ఆశ. నాకు కాన్పు నొప్పులొచ్చిన రోజున ఎడ్లబండి మీద ఆస్పత్రికి పోతుంటే దారిలోనే వీరభద్ర పుట్టిన కథ దానికి వందసార్లు చెప్పి ఉంటాను. ఆ కథ విన్నప్పుడల్లా, "ఆ బండిలో నేనుంటే బాగుండు అవ్వా" అనేది.

మా పడమటి పల్లెల్లో వాన లేని ఏడు అందరూ సుగ్గికి పోతారు. అంటే ఇంటికి తాళం వేసి, మూటాముల్లె లారీలో వేసుకుని, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోవడం. మొగుడూ పెండ్లామూ పిల్లలూ అందరూ పోతారు. బడికి పోయే పిల్లను మాత్రం ఇంట్లో ముసలివాళ్ల దగ్గర వదిలిపెట్టవచ్చు. ఆ ఒక్క కారణాన్ని కూలీలను తోలుకుపోయే మేస్త్రీ కూడా కాదనడు. జ్యోతి చిన్నప్పటి నుంచి అట్లా నా దగ్గరే ఉండి చదువుకుంది. వీరభద్ర, కోడలు సుంకమ్మ పోయేవాళ్లు. మేమిద్దరం జొన్నరొట్టెలు కొట్టుకుని, మేకలు తోలుకుని, తాళాలు వేసిన ఇళ్ల మధ్య ఉండేవాళ్లం. చదువంటే దానికి పాఠం ఒక్కటే కాదు, ఇంట్లో ఉండిపోవడానికి ఆసరా కూడా.

కాలేజీలో పాఠాలు అర్థం కాకపోతే సెల్లులో చూసుకోమని సార్లు చెప్పారట. ఇంట్లో ఉన్న సెల్లు వీరభద్రది, అది వాడితోనే పనికి పోతుంది. అందుకని జ్యోతి ట్యాబు అడిగింది. వాడు ఊ అనలేదు, ఉహూ అనలేదు. కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే రొట్టెలు తింటూ, అది మళ్లీ ఎత్తుకుంది.

"నాయనా, అది ఉంటే యాడున్నా చదువుకోవచ్చు. బస్సులో, మేకల కాడ, యాడైనా."

"యాడైనానా?"

"యాడైనా నాయనా. సారు ఆ పలకలోనే ఉంటాడు."

"మాయమ్మ చూసి మంచిదంటే కొందాం" అన్నాడు వీరభద్ర.

"సెల్లు చూసే కండ్లు నాకు యాడివిరా?" అన్నాను.

"మేకను చూసినట్లే చూడవ్వా" అంది జ్యోతి. సుంకమ్మ మాత్రం పిండి పిసుకుతూ, "మా అత్త దాని నోరు తెరిచి పండ్లు ఎంచుతాదేమో" అని నవ్వింది.

నా మేకల్లో రెండు పోతులను తోలుకుపోయి సంతలో అమ్మాను. టువ్వాల కింద తేలిన ధర టువ్వాల కిందే ఉండాలి కనుక ఇక్కడ చెప్పను. మర్నాడు నేనూ జ్యోతీ ఆదోని బస్సెక్కాం.

అంగడి బజారు మూలన ఉంది. శెట్టి పేరు శివప్రసాద్, నడివయసు మనిషి. వాళ్ల నాయన అదే అంగడిలో గడియారాలు బాగుచేసేవాడు. వాళ్ల అవ్వ వడ్లు కొలిచే శేరు నాకు గుర్తుంది, అడుగున సొట్ట ఉండేది. ఆ మాట అంటే శెట్టి ఉలిక్కిపడి, "అవ్వా, ఆ శేరు ఇప్పటికీ ఇంట్లో ఉండాది. సొట్ట సంగతి ఎవరికీ చెప్పొద్దు" అని మా ఇద్దరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు.

తర్వాత కొత్తగా వచ్చిన ట్యాబు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. నల్లగా, పలకంత ఉంది. చేత్తో ఎత్తి చూశాను. బరువు బాగానే ఉంది, బోలుగా లేదు. చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో టక్కున కొట్టాను.

"అవ్వా! కుండ కాదవ్వా అది!"

"కుండైతే ఇంకా గట్టిగా కొట్టేదాన్ని. ఎన్నేండ్లు బతుకుతాదప్పా?"

"బాగా చూసుకుంటే నాలుగైదేండ్లు."

"మేకంత కూడా బతకదు."

"మేక పాఠాలు చెప్తాదా అవ్వా?"

"ఈనుతాది గదప్పా. ఇది ఈనుతాదా?"

అంగడిలో పనిచేసే వాళ్లంతా నవ్వారు. జ్యోతి సిగ్గుతో నా కొంగు లాగింది. శెట్టి మంచివాడు, విసుక్కోలేదు. వేలితో ఇట్లా తడితే తెరుచుకుంటుంది, ఇట్లా జరిపితే పక్కకు పోతుంది అని చూపించాడు. నేనూ వేలు పెట్టి జరిపాను. ఏమీ కదల్లేదు. మళ్లీ జరిపాను. బొమ్మ బొమ్మలాగే ఉండిపోయింది.

"ఇది చెవిటిది శెట్టీ. వేరేది చూపించు."

"దానికేం కాలేదవ్వా. నీ వేలే అరిగిపోయింది. తోలు ఎండిపోయి గట్టిపడితే దానికి తెలియదు. పాపను పెట్టమను."

జ్యోతి వేలు పెట్టింది. కోడి వెనకాల పిల్లలు పోయినట్లు బొమ్మలన్నీ దాని వేలి వెంట పోయాయి. నా వేలిని చూసుకున్నాను. చౌకదుకాణంలో బియ్యం ఇచ్చే మిషను కూడా నా బొటనవేలిని గుర్తుపట్టదు. నా బియ్యానికి జ్యోతే వేలు పెడుతుంది. సరే, వాడేది నేను కాదు కదా అనుకున్నాను.

చివరికి ట్యాబు పట్టుకుని అంగడి మెట్టు మీదికి, ఎండలోకి వచ్చాను. ఏ వస్తువునైనా ఎండలో చూడాలి, దీపం కింద అన్నీ మెరుస్తాయి. ఎండలో ఆ గాజు మొత్తం నల్లబడింది. సారు లేడు, పాఠం లేదు. నా మొహం ఒక్కటే అందులో కనబడింది.

"ఎండలో దీనికి కండ్లు కనపడవే!"

"ఎండలో ఎవరు చదువుతారవ్వా?" అన్నాడు శెట్టి లోపలి నుంచి. "ఇంట్లో, ఫ్యాను కింద కూచోని చదువుకుంటాది."

అది నిజమే అనిపించింది. ఇంతకంటే పెద్దది కూడా ఉందని, కానీ చదువుకు ఇది చాలని, పెద్దదానికి ఊరికే దుడ్లు పెట్టొద్దని కూడా ఆయనే చెప్పాడు. అమ్ముకునేవాడు అట్లా చెప్పాడంటే నమ్మవచ్చు. మోసం లేని మనిషి, లోపం లేని సరుకు.

"సరుకు మంచిదే" అని చెప్పాను. జ్యోతి నా భుజం మీద తల పెట్టింది. తిరుగు బస్సులో దారిపొడవునా ఆ డబ్బాను ఒడిలోంచి దించలేదు.

తర్వాత కొన్ని వారాలు మా ఇల్లు వేరేగా ఉండింది. ట్యాబుకు వెనకవైపు పసుపు కుంకుమ పెట్టాను. సిగ్నల్ మేకల కొట్టం గోడ మీద బాగా వస్తుందని జ్యోతి తెల్లవారుజామునే దాని మీదికెక్కి కూర్చునేది. నేను పాలు పితుకుతూ పాఠం వినేదాన్ని. ఒకరోజు గుండె గురించి చెబుతున్నాడు సారు.

"అవ్వా, మన గుండెలో నాలుగు గదులుంటాయంట."

"మన ఇంటికే రెండు గదులు, గుండెకు నాలుగెందుకే?"

"రెండింట్లో చెడ్డరక్తం, రెండింట్లో మంచిరక్తం."

"అయితే అత్తా కోడళ్లకు వేరే వేరే గదులన్నమాట" అన్నాను. సుంకమ్మ పొయ్యి దగ్గర నుంచే, "నాకు మంచి గది" అని అరిచింది. ఆ పొద్దున అందరం నవ్వాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఏడు పత్తి మోకాలెత్తు కూడా పెరగకుండా ఎండిపోయింది. పుష్యమాసం వస్తుందనగా మేస్త్రీ బొజ్జన్న వచ్చాడు. ఏ ఇంటి నుంచి ఎంతమంది లారీ ఎక్కుతారో మాట్లాడుకుని పోతాడు. అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతూ, గోడ మీదున్న జ్యోతిని చూశాడు.

"ఏందే పాపా అది, సినిమానా?"

"కాదన్నా, పాఠాలు. మా సబ్జెక్టులన్నీ ఇందులోనే ఉండాయి" అని జ్యోతి సంబరంగా దిగివచ్చి చూపించింది. వేలితో జరుపుతూ గుండె బొమ్మ, ఎముకల బొమ్మ, సారు మాట్లాడే బొమ్మ అన్నీ చూపించింది. పాపం, ఎవరు అడిగినా అట్లాగే చూపించేది.

బొజ్జన్న తల ఊపాడు. వీరభద్ర వైపు తిరిగాడు.

"ఇంకేమప్పా ఈరబద్రా! బడే సంచిలో వస్తాంటే బిడ్డను ఈడ కూచోబెట్టడమేంటికి? చేని కాడ సిగ్నల్ శానా బాగుంటాది. పొద్దున కోత, మాపటేల చదువు."

"కాలేజీకి పోవాల్సిన పిల్ల అది" అన్నాను నేను.

"కాలేజీలో చెప్పేది ఇందులో చెప్తాంటే కాలేజీ ఎందుకవ్వా? ముగ్గురు చేతులేస్తే వచ్చే ఏడు ఇంత తినొచ్చు."

నా కొడుకు చెడ్డవాడు కాదు. ఎండిపోయిన పత్తిని రోజూ పోయి చూసి వచ్చేవాడు, పీకడానికి మనసొప్పేది కాదు. వాడు జ్యోతిని దగ్గరికి పిలిచాడు.

"నువ్వే చెప్తివి గదా పాపా. యాడున్నా చదువుకోవచ్చని."

ట్యాబు జ్యోతి చేతిలో వెలుగుతూనే ఉంది. కాసేపటికి అదే ఆరిపోయింది.

"పరీక్షలకు రైలెక్కించి పంపిస్తాలే" అన్నాడు వాడు. బొజ్జన్న వేలు మడిచి మా ఇంటి లెక్క పెంచుకుని పోయాడు.

నేను ఊరుకోలేదు. ట్యాబు లేకపోతే మళ్లీ కాలేజీయే దిక్కవుతుంది కదా అనుకున్నాను. మర్నాడు జ్యోతి స్నానానికి పోయినప్పుడు ట్యాబును డబ్బాలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆదోని బస్సెక్కాను. శెట్టి నన్ను చూసి నవ్వుతూ కుర్చీ వేశాడు. డబ్బాను గాజుబల్ల మీద పెట్టాను.

"వెనక్కి తీసుకో శెట్టీ."

"ఏమైందవ్వా? చెడిపోయిందా?"

"లేదప్పా."

"బ్యాటరీ నిలబడటం లేదా?"

"పొద్దున పెడితే రాత్రిదాకా ఉంటాది."

"పాపకు అర్థం కావడం లేదా?"

"శానా బాగా అర్థమవుతాందంట."

ఆయన ట్యాబు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక పసుపు కుంకుమ మరక చూసి, మెల్లగా తుడవబోయి ఆగాడు. "లోపముంటే కొత్తది ఇప్పిస్తా అవ్వా. లోపం చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలి? జీవితమంతా లోపాలు వెతికినదాన్ని, దాంట్లో ఒక్కటి కూడా దొరకలేదు. మేకైతే కుంటిదనైనా చెప్పేదాన్ని. కాసేపు కూర్చుని, ఆయన ఇప్పించిన టీ తాగి, డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఇంట్లో జ్యోతి డబ్బా తీసుకుని గూట్లో పెట్టుకుంది, అంతే.

ఇంట్లో ఎవరూ ఉండరు కనుక ఆ ఏడు నేనూ సుగ్గికి పోయాను. మిగిలిన మేకలను మా పక్కింటి జీవమ్మ కొట్టంలో కట్టేశాం. ఆమె నా ఈడుదే, ఆ ఏడు మోకాళ్ల నొప్పితో ఊళ్లోనే ఉండిపోయింది.

అక్కడ చేని గట్టు మీద టార్పాలిన్ పట్టలతో గుడిసెలు వేసుకున్నాం. కోతకు పోయే తల్లుల చంటిపిల్లలను చూసుకోవడం, వంట చేయడం నాలాంటి ముసలివాళ్ల పని. జ్యోతి వాళ్లమ్మతో జతగా సాలు పట్టింది. కోత జతల లెక్కనే సాగుతుంది, ఇద్దరూ కలిసి ఒక సాలు, అంటే ఒక వరుస. జ్యోతి ఉందని వీరభద్రను బొజ్జన్న బస్తాలు మోసే పనికి పెట్టుకున్నాడు. మొదటిరోజు ట్యాబును సంచిలో వేసి భుజానికి తగిలించుకునే చేనిలోకి పోయింది. మధ్యాహ్నం సంగటి తినే వేళ తీసి చూసింది. నెత్తిన ఎండ. గాజు నల్లగా అయిపోయింది. కొంగు కప్పుకుని, తల లోపల పెట్టుకుని చూసింది. లోపల చెమటకు ఊపిరాడక బయటికి వచ్చింది. నేను చంటిదాన్ని ఊపుతూ గట్టు మీద నుంచి చూస్తున్నాను. ఆదోని అంగడి మెట్టు నా కళ్ల ముందుకు వచ్చింది.

చార్జింగ్ పెట్టాలంటే మోటారు కొట్టానికి పోవాలి. అక్కడ కరెంటు వంతులవారీగా వచ్చేది. మేము పొలానికి పోయినప్పుడు వచ్చేది, మేము వచ్చేసరికి పోయేది. అయినా ఎట్లాగో పెట్టుకునేది. అసలు కష్టం అది కాదు.

మిరపకాయ ముచ్చిక గిల్లి గిల్లి దాని వేలికొనలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పొక్కాయి, తర్వాత తోలు ఊడి కొత్త తోలు గట్టిగా వచ్చింది. సాయంత్రం గుడిసెలో కూర్చుని తెరమీద వేలు పెట్టేది. కదిలేది కాదు. తడి గుడ్డతో తుడుచుకుని మళ్లీ పెట్టేది. ఒక్కోసారి కదిలేది, ఒక్కోసారి లేదు. ఆముదం రాశాను, మజ్జిగలో చేతులు పెట్టించాను. మంట తగ్గింది కాని ట్యాబుకు ఆ వేలు తెలియలేదు.

ఒక సాయంత్రం చూస్తే అది తెరమీదికి వంగి ముక్కు కొనతో జరుపుతోంది. ముక్కు తోలుకు మిరప తగల్లేదు కదా, అందుకని ట్యాబు దాని మాట వింటోంది.

పక్క గుడిసె ఆడవాళ్లు చూసి కేకలు పెట్టారు.

"ఏమ్మే జ్యోతీ, సారుకు ముద్దులు పెడతాండావా?"

"ఎవుర్నే పెండ్లాడతావు, ఆ పలకనా?"

జ్యోతి కూడా నవ్వింది. "ముక్కుతోనే పరీక్ష రాస్తానక్కా" అంది. నవ్వుతూనే కళ్లు నులుముకుంది, వేలికున్న మిరపఘాటు కంట్లో పడి విలవిల్లాడింది. నీళ్లు పోసి కడుగుతుంటే వచ్చిన నీళ్లలో ఏవి మంటవో ఏవి కావో నాకు తెలియలేదు.

కాలేజీ నుంచి పరీక్షల తేదీ వచ్చింది. అది కూడా ట్యాబులోనే వచ్చింది. జ్యోతి వాళ్ల నాయనకు చూపించింది. అప్పటికి రెండో కోత ముమ్మరంగా ఉంది. వీరభద్ర బొజ్జన్న దగ్గరికి పోయాడు, నేనూ వెనకే పోయాను.

"పంపించు ఈరబద్రా, నేనేం పట్టుకోల్యా" అన్నాడు బొజ్జన్న. "కాకపోతే సుంకమ్మకు జత ఉండదు. ఒంటిమనిషికి సాలు యాడ ఇచ్చేది? ఆమె కూడా గుడిసెలో కూచోవాల."

వీరభద్ర గుడిసెకు తిరిగివచ్చాడు. ఆ మాట విని సుంకమ్మ నా మీద పడింది. కోపమంతా ఎక్కడ చూపించాలో తెలియక నా మీద చూపించింది, నాకు తెలుసు.

"పెద్ద బేరగత్తెవు గదా అత్తా! ఎండలో పెట్టి చూసినావంట, తట్టి చూసినావంట. మామైతే ముందు మన ఇల్లు చూసి చెప్పేటోడు. పత్తి చూసి చెప్పేటోడు. దాన్ని కొంటే బిడ్డ యాడికి పోతాదో చూసేటోడు."

చంటిపిల్ల ఏడిస్తే ఎత్తుకున్నాను.

జ్యోతే మధ్యలోకి వచ్చింది. "అవ్వనెందుకంటావు మా? అడిగింది నేను. వచ్చే ఏడు రాస్తాలే." ఆ మాట అనేసి వాళ్లమ్మ పక్కన బుట్ట పట్టుకుని చేనిలోకి పోయింది. పరీక్ష రోజున కూడా అట్లాగే పోయింది. ఆ పూట ట్యాబును నా దగ్గర వదిలేసింది. నా చుట్టూ పిల్లలు ఒకటే ఏడుపు. వాళ్లకు పాటల బొమ్మలు పెట్టి పోయింది. కుందేలు ఒకటి గెంతుతూ పాడుతోంది. పిల్లలు ఏడుపు మానేసి చూశారు. ఆ తర్వాత రోజూ అదే పని. సుగ్గి అయ్యేదాకా ఆ ట్యాబు మా గుడిసెల పిల్లలందరినీ నిద్రపుచ్చింది. ఒక్కరోజు కూడా చెడిపోలేదు.

ఉగాదికి ముందే ఇంటికి వచ్చాం. కాలేజీలో మళ్లీ చేరవచ్చని, ఆ ఏడు మళ్లీ చదవాలని చెప్పారట. జ్యోతి పోతానని అంది, తర్వాత పోతానని అనడం మానేసింది. ఉల్లి నాట్లు వచ్చాయి, ఉల్లి పీకడం వచ్చింది, పత్తి వచ్చింది. పనికి పోయి వచ్చి మేకలకు నీళ్లు పెట్టి పడుకునేది. ట్యాబు గూట్లో డబ్బాలో ఉండేది. వారానికోసారి తీసి చార్జింగ్ పెట్టి మళ్లీ గూట్లో పెట్టేది.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఒక పొద్దున జీవమ్మ మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. వెంట దాని మనవరాలు భువన. ఆ ఏడే పది పాసై కాలేజీలో చేరింది.

"గిడ్డక్కా, ఈ పిల్ల ట్యాబు ట్యాబు అని తినడం మానేసింది. ఆదోనికి తోడొచ్చి నువ్వు చూసి చెప్తే కొనేస్తాం."

"ముందు మీ ఇల్లు చూడాల జీవా" అని లేచాను.

"నా ఇల్లు నువ్వు చూడనిదా? పొద్దు లేస్తే నా పొయ్యి కాడే ఉంటావు గదా!"

అయినా పోయాను. వాకిట్లో టార్పాలిన్ పట్ట ఉతికి ఆరేసి ఉంది. వసారాలో గోనెసంచులు కుట్టి పెట్టారు. జీవమ్మ కొడుకు కొడవలికి పిడి వేస్తున్నాడు. జీవమ్మ కూడా ఈసారి మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని పోతుందట, చంటిపిల్లలను చూసుకోవడానికి. బొజ్జన్న అప్పటికే వచ్చి పోయాడు.

"మరి భువన ఎవరి కాడ ఉంటాది?"

"మాతోనే వస్తాది. అందుకే గదక్కా ఈ ట్యాబు. ఆడ కూడా చదువుకోవచ్చు."

"వద్దు జీవా. కొనొద్దు. మాది చూసినావు గదా, బిడ్డ చదువు ఏమైందో."

జీవమ్మ మొహం ముడుచుకుంది. "నీ మనవరాలికి ఒకటి ఉంటే చాలు, మా పిల్లకు వద్దంటావు. మీ పిల్ల చదవలేకపోతే మా పిల్ల కూడా చదవదా?"

ఏభై ఏండ్లుగా ఒకరి పొయ్యిలో నిప్పు మరొకరం తెచ్చుకున్నవాళ్లం. ఎప్పుడూ నన్ను అట్లాంటి మాట అనలేదు. మళ్లీ చెప్పాను. ఎండ సంగతి, వేళ్ల సంగతి, జతల సంగతి అన్నీ చెప్పాను. ఆమె వింటున్నట్లే ఉంది. అయిపోయాక, "అది పనిచేస్తాందా, లేదా? అది చెప్పక్కా" అంది.

మా వాకిట్లోకి వచ్చేసరికి భువన అప్పటికే జ్యోతిని అడుగుతోంది. "ఒకసారి చూపించక్కా." జ్యోతి చేతులు లంగాకు తుడుచుకుని, గూట్లోంచి డబ్బా తీసింది. తెరమీద వేలు పెట్టింది. కదల్లేదు. మళ్లీ పెట్టింది. అలవాటు మీద ముక్కు కొన పెట్టబోయి, భువన చూస్తోందని ఆగిపోయింది.

"నేను పెట్టేదా?" అని భువన వేలు పెట్టి జరిపింది. బొమ్మలన్నీ దాని వేలి వెంట గబగబా పోయాయి. గుండె బొమ్మ వచ్చింది, నాలుగు గదులతో.

"చూడవ్వా! ఎంత బాగా పోతాందో!" అని భువన గంతేసింది.

జీవమ్మ నా వైపు తిరిగింది. "ఏడాది సుగ్గికి తిరిగొచ్చినా కొత్తదాని మాదిరే ఉండాది. సరుకు మంచిదే గదక్కా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. శెట్టి అంగడిలో కూర్చున్న పూట గుర్తొచ్చింది. అప్పుడు లోపం వెతికినట్లే ఇప్పుడూ వెతికాను.

"సరుకు మంచిదే" అన్నాను.

జీవమ్మకు అంతే కావాలి. రేపటి మొదటి బస్సుకే పోదామని భువన చెయ్యి పట్టుకుని లేచింది. జ్యోతి ఆ చేతిని ఒక్క క్షణం ఆపి, వేలికొనలను తన బొటనవేలితో తడిమి చూసింది. నేను మేక వెన్ను తడిమి చూసినట్లే చూసింది.

"ఎండలో తీయొద్దు మే" అంది. "కనపడదు."

"ఎండలో ఎవరు చదువుతారక్కా?" అని నవ్వుతూ భువన వాళ్ల అవ్వ వెంట పరుగెత్తింది.